ఇసుకదిబ్బలో పాలపళ్ళు: కాకినాడ తీరంలో ఒక శనివారం

నేను రాజమండ్రిలో పిల్లల పళ్ళ డాక్టర్ని. వారమంతా ఏడ్చే పిల్లల నోళ్ళలోకి తొంగిచూసి, సెలవు దొరికితే ఎవరి నోరూ కనిపించని చోటుకి పారిపోవడం నా అలవాటని ఈ బ్లాగు చదివేవాళ్ళకి తెలుసు. ఈసారి సెలవు రోజున కూడా పళ్ళ దగ్గరికే పోవలసి వచ్చింది. ఇంటర్లో నా పక్కన కూర్చున్న సుజాత ఇప్పుడు తవ్వకాల్లో దొరికిన మనుషుల ఎముకల మీద పరిశోధన చేస్తోంది. గురువారం సాయంత్రం ఫోన్ చేసి, "ఏమే, పాలపన్ను చేతికిస్తే కుడివైపుదో ఎడమవైపుదో చూడగానే చెప్పేస్తావు కదా? మావాళ్ళకి ఒక్కొక్కదానికి అరగంట పడుతోంది. శనివారం ఒక్కరోజు రా, చేపల కూరతో భోజనం పెట్టిస్తాను" అంది. చేపల కూర మాట వినగానే సరేనన్నాను. ఎక్కడికి, ఎవరి పళ్ళు అన్నది తరవాత అడిగాను.

కాకినాడకి ఉత్తరంగా తీరం వెంబడి ఉన్న మత్స్యకారుల ఊరు అది. పేరు రాయను, ఊరివాళ్ళు వద్దన్నారు. మనుషుల పేర్లు కూడా మార్చాను. ఊరికీ సముద్రానికీ మధ్య ఒక పెద్ద ఇసుకదిబ్బ ఉండేది. మనవైపు చాలా ఇళ్ళలో పళ్ళు రాని పసిబిడ్డ పోతే కాల్చరు, పూడ్చిపెడతారు. ఆ ఊళ్ళో అయితే పళ్ళు వచ్చినా రాకపోయినా, పాలు మరవని వయసులో పోయిన బిడ్డలందరినీ ఆ దిబ్బలోనే పెట్టేవారు. ఎన్ని తరాల నుంచో ఎవరికీ తెలియదు. కిందటి తుఫానుకి అలలు దిబ్బని సగానికి కోసేసరికి లోపలి నుంచి చిన్న చిన్న కుండలూ, వాటి పక్కన ఎముకలూ బయటపడ్డాయి. అడుగున ఉన్నవి కొన్ని వందల ఏళ్ళ నాటివని సుజాత వాళ్ళ అంచనా. మిగిలిన సగాన్ని కూడా సముద్రం తీసుకుపోయేలోగా వీలైనన్ని తీసి భద్రపరచాలని వాళ్ళ బృందం అక్కడ మకాం వేసింది. ఇలాంటి చోటు చూడాలనుకునేవాళ్ళు ఎవరైనా ఉంటే ఇది వాళ్ళ కోసం రాస్తున్నాను. చూసి సంతోషంగా తిరిగొచ్చే చోటు మాత్రం కాదు.

శనివారం పొద్దున్న ఆరున్నర ప్రాంతంలో రాజమండ్రి స్టేషన్లో ప్యాసింజరు ఎక్కాను. సామర్లకోటకి గంట ప్రయాణం, టిక్కెట్టు ఇరవై రూపాయల లోపే. రిజర్వేషన్ అక్కర్లేదు గానీ కాలేజీ ఉన్న రోజుల్లో అయితే నిలబడి వెళ్ళడానికి సిద్ధపడాలి. అనపర్తి, బిక్కవోలు దాటేదాకా కిటికీలోంచి దాళ్వా వరిచేలు చూస్తూ కూర్చున్నాను. సామర్లకోటలో దిగి, స్టేషన్ బయట బండి మీద ఇడ్లీ తిన్నాను. తీరిక ఉన్నవాళ్ళు అక్కడి భీమేశ్వరాలయం చూసి వెళ్ళొచ్చు, ఆటోలో పది నిమిషాలు. నాకు తీరిక లేక కాకినాడ బస్సెక్కేశాను. ముప్పావుగంటలో దింపాడు. ఆ తీరం వైపు బస్సులు ఉన్నాయి కానీ మెయిన్ రోడ్డు మీదే దింపుతారు, అక్కణ్ణుంచి ఎండలో చాలా దూరం నడవాలి. అందుకని ఆటో మాట్లాడుకున్నాను. వెళ్ళడానికి నాలుగు వందలు, సాయంత్రం వచ్చి తీసుకెళ్ళడానికి ఇంకో నాలుగు వందలు.

డ్రైవరు పేరు సత్తిబాబు. నేను వెళ్ళే ఊరికి పక్క ఊరే అతనిది. బీచ్ రోడ్డు మీద సగం దూరం వెళ్ళేసరికి అడ్డంగా బండరాళ్ళు పేర్చి ఉన్నాయి. ఆటో పక్కకి తిప్పి, "ఇక్కణ్ణుంచి లోపల్రోడ్డేనండి. మొన్న పున్నానికి అలలొచ్చి రోడ్డు పట్టుకుపోయాయండి" అన్నాడు. మళ్ళీ వెయ్యరా అని అడిగాను. "ఏస్తారండి. మళ్ళీ పట్టుకుపోద్దండి" అన్నాడు, ఏ కోపమూ లేకుండా. తరవాత తానే ఒకచోట బండి స్లో చేసి సముద్రం వైపు చెయ్యి చూపించాడు. "అదిగోనండి, ఆ తెరచాప పడవ కనబడతందా? దానికి కాస్త ఇవతల మా నాయనమ్మ ఇల్లుండేదండి." నేను చూశాను. అక్కడ నీళ్ళు తప్ప ఏమీ లేవు. ఏదో ఒకటి అనాలి కాబట్టి, మీ ఊరి ఆడవాళ్ళు కూడా తవ్వకాల పనికి వెళ్తున్నారా అన్నాను. "ఎముకల కాడికాండి? మా ఏపు ఆడోళ్ళు ఆ దిక్కుకే పోటం లేదండి. ఎవరి బిడ్డ బయటికొస్తదో తెలీదు కదండి" అన్నాడు.

తొమ్మిదిన్నరకి చేరాను. ఊరి చివర రెండంతస్తుల తుఫాను షెల్టరులో బృందం ఉంటోంది. పై అంతస్తులో పొడుగాటి బల్లల మీద ప్లాస్టిక్ ట్రేలు, ఒక్కో ట్రేలో ఒక్కో బిడ్డ. సుజాత నన్ను చూసి కావిలించుకుని, వెంటనే చేతికి గ్లవ్సు, కాలిపర్ ఇచ్చింది. పని మొదట్లో తేలికే అనిపించింది. పన్నుని రెండు వేళ్ళతో పట్టుకుని, అది ఏ పన్నో చెప్పి, కాలిపర్ మొనల మధ్య పెట్టి అడ్డంగా ఎంత వెడల్పో, ముందు నుంచి వెనక్కి ఎంత మందమో చదవాలి. ఒక అమ్మాయి రాసుకుంటుంది. ట్రే మొత్తం అయ్యాక మళ్ళీ మొదటి నుంచి, పాత అంకె చూడకుండా, అదే కొలత తియ్యాలి. రెండూ కలవకపోతే మూడోసారి. క్లినిక్కులో నేను పీకిన పాలపన్ను పిల్లాడి చేతికిస్తే వాడు సంబరంగా ఇంటికి తీసుకెళ్ళి కప్పు మీదికి విసురుతాడు. ఇక్కడివి ఊడినవి కావు. ఊడే వయసు ఈ పిల్లలకి రానేలేదు. పదకొండు గంటలప్పుడు కాలిపర్ కింద పెట్టేసి కాసేపు వరండాలోకి వెళ్ళాను, ఏసీ లేదు కాబట్టి ఉక్కగా ఉందని ఆ అమ్మాయికి అబద్ధం చెప్పాను.

ఒకే ఊరి పిల్లలు, ఒకే బావి నీళ్ళు, ఒకే సముద్రం చేపలు. అయినా ఒక ట్రేలోని దవడపళ్ళు నా దగ్గరికొచ్చే బొద్దు పిల్లలవంత ఉంటే, దాని పక్క ట్రేలోవి బొమ్మ నోట్లోవేమో అన్నంత ఉన్నాయి. ఆ చిన్నవాటిని చూసి, "పాపం, ఏడాది కూడా నిండలేదు" అన్నాను. సుజాత నా వైపు జాలిగా చూసింది. "పంటి వేళ్ళు చూడవే తల్లీ. రెండేళ్ళు దాటిన బిడ్డ." నాలుక కరుచుకున్నాను. పన్ను పైభాగం ఒకసారి తయారయ్యాక ఇక పెరగదని రోజూ తల్లులకి చెప్పేది నేనే. వయసు తెలిసేది పన్ను ఎంత పెద్దదన్న దాన్ని బట్టి కాదు, వేరు ఎంత దిగిందన్న దాన్ని బట్టి. మరి పరిమాణం ఎందుకు మారుతుంది? కొంత వంశాన్ని బట్టి, కొంచెం ఆడా మగా తేడాని బట్టి. ఇంకొంత తల్లి కడుపులో గడిచిన నెలల్ని బట్టి. ముందరి పాలపళ్ళు నాలుగో నెలలోనే తయారవడం మొదలై, బిడ్డ పుట్టేసరికి చాలావరకు పూర్తవుతాయి. "తల్లి అప్పుడు ఏం తిందో, ఏం తినలేదో ఇందులో కాస్త మిగిలిపోతుంది. చిన్న పళ్ళ పిల్లలే ముందు పోయారా అన్నది మా ప్రశ్న. ఇంత తక్కువమందిని చూసి చెప్పలేం" అంది సుజాత. మేము ఇవన్నీ మామూలు గొంతుతో, తెలుగులో, తలుపు తీసి ఉంచి మాట్లాడుకున్నాం. ఎవరైనా వింటారన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు.

గది మూలన నేల మీద కొత్త పంచె పరిచి, దాని మీద ఆరు చిన్న మూటలు పెట్టారు. అవి దిబ్బ పైపొరలోవి, ఊళ్ళో వాళ్ళు ఎరిగిన కాలానివి. వాటిని కొలవబోమని, వాటి గురించి ఏమీ రాసుకోబోమని ముందే ఊరి పెద్దలకి మాటిచ్చారు. ఆ సాయంత్రం నాలుగున్నరకి ఊరి వెనక మెట్ట మీద వాటిని మళ్ళీ పూడ్చిపెట్టాలి.

పన్నెండున్నరకి భోజనం. ఎండు నెత్తళ్ళ చేపలు వేసిన వంకాయ కూర, చింతకాయ పచ్చడి, చారు. వండేది ఆ ఊరి కాశమ్మ. అరవై అయిదేళ్ళు ఉంటాయేమో, నిటారుగా నడిచే మనిషి, మాట తక్కువ. కూర అద్భుతంగా ఉందన్నాను. "ఇంకాస్త ఏయించుకోండి" అని వడ్డించి, మిగతావాళ్ళందరూ చేతులు కడుక్కోవడానికి వెళ్ళేదాకా నా ఎదురుగా నిలబడింది. తరవాత గొంతు తగ్గించి, "డాక్టరమ్మా, పళ్ళు చూస్తే పైవి ముందొచ్చాయో, కిందివి ముందొచ్చాయో చెప్పగలరాండి?" అంది.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. పైపళ్ళు ముందు వస్తే మేనమామకి గండమని భయపడి, చదువుకున్న తల్లులు కూడా బిడ్డని ఎత్తుకుని నా దగ్గరికి వస్తుంటారు. నేను విసుక్కుని పంపేస్తుంటాను. మనవరాలికా అని అడిగాను. కాశమ్మ తల అడ్డంగా ఊపి, మూలనున్న మూటల వైపు చూసింది. "నా కూతురికండి. ఆ మూడోది. రెండు చిల్లుకానీలు, మజ్జిలో నీలిపూస, నేనే మొలతాడుకి గుచ్చానండి. సోమారం ఇసకలోంచి తీసినప్పుడే గుర్తుపట్టాను. ఎవరికీ చెప్పలేదు." ఆమె ఏడవలేదు. నా చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

ఆమె చెప్పింది ఇది. కూతురికి ఏడో నెలలో పళ్ళొచ్చాయి. కిందివి ముందు వచ్చాయని కాశమ్మకి తెలుసు, పాలు తాగుతున్నప్పుడు గుచ్చుకున్నాయి. అయితే అవి ఎంత సన్నవంటే నోరు తెరిస్తే కూడా కనబడేవి కావు. రెండు వారాలకి పైన రెండు పళ్ళొచ్చాయి, అవి మాత్రం అందరిలాగే వెడల్పుగా తెల్లగా ఉన్నాయి. అత్తగారు వాటిని చూసి పైపళ్ళు ముందొచ్చాయని గోల చేసి, మేనమామని పిలిచి శాంతి చేయించాలంది. "కిందియ్యే ముందొచ్చాయి, శాంతి ఎందుకన్నానండి. మా అన్న కూడా నవ్వేసి సంద్రం మీద ఏటకెళ్ళిపోయాడు. నాలుగు పడవలెళ్ళాయి. మూడొచ్చాయి." ఆ రోజు నుంచి అన్నని మింగింది ఆమె కూతురేనని, శాంతి వద్దన్న ఆమేనని ఊరంతా అంది. పుట్టింటి తలుపు మూసుకుంది. రెండు నెలలకి బిడ్డకి వాంతులు, విరేచనాలు పట్టుకున్నాయి. కాకినాడ ఆసుపత్రికి తీసుకెళ్ళాలి. "బండి కట్టమని ఇల్లిల్లూ తిరిగానండి. ఆ పిల్లని మా బండెక్కించం అన్నారు. నడిచి ఎల్తంటే దారిలోనే పోయిందండి" అంది.

నేను వెళ్ళి సుజాతకి చెప్పాను. "కొలవబోమని మాటిచ్చాం కదే" అంది. అడుగుతున్నది కన్నతల్లి, ఊరు కాదు అన్నాను. చివరికి, "ఆమె బిడ్డ, ఆమె ఇష్టం. చూడు. కానీ మా రికార్డులో ఒక్క అక్షరం కూడా రాయొద్దు" అని, తానే వెళ్ళి ఆ మూట తెచ్చి బల్ల మీద పెట్టి, మిగతావాళ్ళని కిందికి పంపేసింది. కాశమ్మ చేతులు కట్టుకుని తలుపు దగ్గరే నిలబడింది. దగ్గరికి రమ్మన్నా రాలేదు.

దవడ రెండు ముక్కలుగా విడిపోయి ఉంది గానీ కింది ముందుపళ్ళు రెండూ వాటి గూళ్ళలోనే ఉన్నాయి. పైవి కూడా ఉన్నాయి. నేను భూతద్దం పెట్టి చూశాను. కింది పళ్ళ చుట్టూ ఎముక అంచు విచ్చుకుని నునుపుగా అయింది, వేళ్ళు బాగా దిగాయి. పైపళ్ళ చుట్టూ అంచు ఇంకా గరుకుగా, అప్పుడప్పుడే తెరుచుకున్నట్టు ఉంది. మామూలుగా కింది ముందుపన్ను నాలుగు మిల్లీమీటర్లకి కాస్త అటూ ఇటూ ఉంటుంది. ఇది మూడు కూడా లేదు. పొద్దుటి నుంచి కొలిచినవాటన్నిటిలోకి చిన్నది ఇదే. పైవి మామూలుగానే ఉన్నాయి. ఒక నోట్లో ఇంత తేడా నా సర్వీసులో అరుదుగా చూశాను. ఎవరైనా ఆ పిల్ల నోరు తెరిచి చూస్తే కంటికి ఆనేవి పైపళ్ళే. ఊరంతా చూసింది నిజమే, తల్లి చెప్పిందీ నిజమే. కోర్టులో నిలబడే సాక్ష్యం కాదు, కానీ నాకు అనుమానం లేదు. "కిందివే ముందొచ్చాయమ్మా" అన్నాను.

కాశమ్మ తల ఊపింది. ఆమెకి తెలిసిన సంగతే కదా. "ఎందుకండి అంత సన్నగా ఉన్నాయి?" అంది. కొందరికి అలాగే ఉంటాయమ్మా అన్నాను. అది అబద్ధం కాదు. "కడుపులో ఉన్నప్పుడు తల్లి తినకపోయినా అంతేనటగా? పొద్దున్న మీరిద్దరూ అనుకుంటంటే టీ తెచ్చి విన్నానండి" అంది. సుజాత తల దించుకుంది. అదొక్కటే కారణం కాదని, ఒక్క పన్ను చూసి అలా చెప్పలేమని, నాకు తెలిసిన నాలుగు ముక్కలూ గబగబా చెప్పాను. ఆమె విన్నట్టు లేదు. "ఆ ఏడు ఏట లేదండి. ఏడో నెలదాకా గంజే. మా అన్న వచ్చినప్పుడల్లా తిన్నావా అని అడిగేవోడు. తిన్నాననేదాన్ని. అత్తారింటి పరువు కదండి." నాకు సిగ్గేసింది. ఎవరి కడుపులో ఏముందో తెలియకుండా, చేతిలో కాలిపర్ పట్టుకుని, తలుపు తీసిపెట్టి పాఠాలు చెప్పిన నా మీద నాకే అసహ్యం వేసింది.

అప్పుడు కాశమ్మ అసలు సంగతి అడిగింది. ఆమె అన్న భార్య, అప్పాయమ్మ, ఇంకా బతికే ఉంది. మూడు వీధుల అవతల. నలభై ఏళ్ళ పైగా ఇద్దరికీ మాటల్లేవు. "మీరొచ్చి ఈ ముక్క మా వదినకి చెప్పండి డాక్టరమ్మా. నేను చెప్తే నమ్మదు. పట్నం డాక్టరు చెప్తే నమ్ముద్ది." నాకు వెళ్ళాలని లేదు. అయినా కాదనే మొహం నాకెక్కడుంది? మూడు గంటలప్పుడు ఆమె వెనకాలే నడిచాను. మూట షెల్టరులోనే ఉంచాం.

అప్పాయమ్మ అరుగు మీద కూర్చుని, చాట ఒళ్ళో పెట్టుకుని, చేతులతో తడుముతూ ఎండుచేపలు ఏరుతోంది. చూపు దాదాపు పోయింది. వాకిట్లో అడుగుల చప్పుడికి తలెత్తి, "ఎవరూ?" అంది. "నేనే వదినా, కాశమ్మని" అంది ఈమె. ఆ చేతులు ఆగిపోయాయి. నేను ముందుకొచ్చి, నా పేరు, నా పని చెప్పి, దిబ్బలోంచి కాశమ్మ బిడ్డ ఎముకలు బయటపడ్డాయనీ, పళ్ళు నేనే పరీక్షగా చూశాననీ, కిందివే ముందొచ్చాయనీ, అవి బాగా సన్నవి కాబట్టి అప్పట్లో ఎవరికీ కనబడి ఉండవనీ, క్లినిక్కులో చెప్పినట్టు వివరంగా చెప్పుకొచ్చాను. ముసలావిడ చివరిదాకా విన్నది. తరవాత మళ్ళీ చేపలు ఏరడం మొదలుపెట్టింది.

"నాకు తెలుసమ్మా" అంది.

ఏం తెలుసని అడిగాను. "కిందియ్యే ముందొచ్చాయని. ఆయన ఏటకెళ్ళే ముందు నెల్లో పిల్లని ఒళ్ళో ఏసుకుంటే నా ఏలు కొరికింది. కింద రెండూ సూదుల్లా గుచ్చుకున్నాయి. పైన చిగురు మెత్తగానే ఉంది." ఆమె ఆ మాట మామూలుగా, నిన్నటి సంగతి చెప్పినట్టు చెప్పింది.

కాశమ్మ అరుగుకి చెయ్యి ఆనించుకుంది. "మరి చెప్పలేదేంటి వదినా? బండి అడగటానికి నీ గుమ్మంలోక్కూడా వచ్చాను. లోపల్నే ఉన్నావు."

"ఉన్నాను" అంది అప్పాయమ్మ. "ఎవర్ని తిట్టమంటావే? గంగమ్మని తిట్టనా? తెల్లారితే నా కొడుకులు దాని మీదకే పోవాల. ఆయన్ని తిట్టనా? పోయినోణ్ణి. నువ్వొక్కదానివి ఉన్నావు తిట్టటానికి. పిల్ల పోద్దని అనుకోలేదే. నాలుగు రోజులు తిట్టుకుని ఊరుకుందామనుకున్నాను. తరవాత చెప్తే నన్ను చంపేవోళ్ళు."

నేను కాశమ్మ అరుస్తుందనుకున్నాను, కొడుతుందేమో అని కూడా అనుకున్నాను. ఆమె ఆ అరుగు పక్కన నేల మీద కూర్చుండిపోయింది. అప్పాయమ్మ చేపలు ఏరుతూనే ఉంది. చివరికి కాశమ్మే లేచి, చీర దులుపుకుని, "నాలుగున్నరకి మెట్ట మీద పెడతన్నారు" అంది. "నాకు కళ్ళు కనబడవే" అంది అప్పాయమ్మ. ఈమె నడిచి వచ్చేసింది. అప్పాయమ్మ మెట్ట మీదికి రాలేదు.

పూడ్చడం అరగంటలో అయిపోయింది. ఊరి పెద్ద ఒకాయన, ఎవరి బిడ్డలో తెలియదు కాబట్టి ఆరింటినీ ఒకే గుంటలో పెడదామన్నాడు. మూడో మూట దగ్గరికొచ్చేసరికి కాశమ్మ ముందుకొచ్చి చేతుల్లోకి తీసుకుంది. ఇది తనదని ఆమె నోటితో చెప్పలేదు, ఎవరూ అడగలేదు. గుంటలోకి తానే దిగి, అందరికంటే పక్కగా పెట్టి, పైకి రావడానికి చెయ్యి అందించమన్నట్టు నా వైపు చూసింది. నేను చెయ్యిచ్చి లాగాను. పసుపు, పాలు పోసి మట్టి కప్పారు. దిగి వస్తున్నప్పుడు, ఇప్పుడైనా ఊళ్ళో ఈ నిజం చెప్పొచ్చు కదా, కావాలంటే నేను కాగితం మీద రాసిస్తాను అన్నాను. కాశమ్మ నన్ను వింతగా చూసింది.

"ఎవరికి చెప్పనండి? నన్నన్న వోళ్ళందరూ పోయారు. మిగిలింది మేమిద్దరమే. మా ఇద్దరికీ ముందే తెలుసు" అంది.

అయిదున్నరకి సత్తిబాబు ఆటో తెచ్చాడు. కాకినాడ నుంచి సామర్లకోటకి బస్సులు రాత్రి దాకా ఉంటాయి, రాజమండ్రికి నేరుగా కూడా దొరుకుతాయి. నేను నేరుగా వెళ్ళే బస్సు ఎక్కి, తొమ్మిది లోపే ఇల్లు చేరాను. సోమవారం క్లినిక్కులో ఒక తల్లి, బిడ్డకి పైపళ్ళు ముందొచ్చాయేమో చూడమని వచ్చింది. ఎప్పుడూ విసుక్కునేదాన్ని ఈసారి గ్లవ్సు వేసుకుని, చిగురంతా వేలితో తడిమి, కింద పన్ను ఉందని ఆమె వేలు కూడా పెట్టించి చూపించాను. పళ్ళకీ మేనమామ ప్రాణానికీ సంబంధం లేదని కూడా చెప్పాను, కానీ ఆ మాట ఆమె పెద్దగా పట్టించుకోలేదు. ఆ ఊరు వెళ్ళక ముందు మూఢనమ్మకం ఒక అజ్ఞానం, చదువుకుంటే పోతుంది అనుకునేదాన్ని. అక్కడ నిజం తెలిసిన మనిషే దాన్ని నలభై ఏళ్ళు నిలబెట్టింది. ఆమె మీద నాకు కోపం ఉంది, ఇప్పటికీ ఉంది. కాశమ్మకి ఉందో లేదో నాకు తెలియదు. పన్ను ఎందుకు చిన్నదైందో ఆమెకి తెలియకపోతే బాగుండేదని మాత్రం రోజూ అనుకుంటున్నాను.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. ఆ తీరంలో నడిచేటప్పుడు తడి ఇసుకలో తెల్లగా, చిన్నగా ఏదైనా మెరిస్తే గవ్వ అనుకుని జేబులో వేసుకోకండి. ఉన్నచోటే ఉంచి, ఊళ్ళో పెద్దవాళ్ళని ఎవరినైనా పిలిచి చూపించండి. దాన్ని కన్నతల్లి ఇంకా ఆ ఊళ్ళోనే ఉండొచ్చు.